ఠాణా గడపయు ఊరి సాక్ష్యమును

కామారెడ్డి జిల్లాలో యెల్లారెడ్డికి సమీపమున లింగంపేట అను ఊరు కలదు. అచ్చట నాగన్న బావి అను పేర ఒక పురాతనమైన మెట్లబావి ఉన్నది. మీలో పలువురు దానిని చూచియే యుందురు. అది చిరకాలము చెత్తతోను ముళ్లపొదలతోను నిండి, పట్టించుకొనువారు లేక పడియుండెను. ఇటీవలి సంవత్సరములలో పూడిక తీసి దానిని బాగుచేసిరి. ఒకనాటి సాయంకాలము నేను ఆ మెట్లపై కూర్చుండియుండగా, నా ప్రక్కనున్న ముదుసలి యొకడు ఒక పడుచువానిని పలుకరించెను. ఆ పడుచువాని మోటారుసైకిలు రెండు దినముల క్రిందట పోయినదట. “ఠాణాల చెప్పినవా?” అని ముదుసలి అడిగెను. “పోయింది బండి ఒక్కటే తాతా. ఠాణాకు పోతే కూలి గూడ పోతది” అని వాడు బదులు చెప్పెను. అచ్చట నున్నవారందరు నవ్విరి.

నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ మాట నాకు క్రొత్తది కాదు. మా తాత నోట ఇంచుమించు ఆ మాటనే నేను బాల్యమున వినియుంటిని. రాజులు మారిరి, రాజ్యము మారెను, చట్టములు మారెను. మాట మాత్రము మారలేదు. అది ఏల మారలేదో నేడు మీతో కలిసి కొంత ఆలోచింపదలచితిని. పోలీసులు మంచివారా చెడ్డవారా అను ప్రశ్నతో మనము ప్రారంభించినచో ఎటును తేలదు. ఊరిని కాచువాడు ఎవరికి జవాబు చెప్పవలసినవాడు? ఈ ప్రశ్న అడిగినచో చరిత్ర స్పష్టముగా మాటలాడును.

మన పూర్వులు ఈ ప్రశ్నకు నిస్సందేహమైన సమాధానము చెప్పియుండిరి. ఊరిలో బస చేసిన వర్తకుని సరకు రాత్రివేళ పోయినచో, గ్రామాధిపతి దానిని ఇచ్చుకొనవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. రెండు ఊళ్ల నడుమ పోయినచో ఆ బీళ్లపై నియమింపబడిన అధికారి ఇచ్చుకొనవలెను. దొంగ అడుగుజాడలు పొలిమేర దాటిపోయినట్లు చూపలేనిచో దోషము గ్రామాధిపతిదే యని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. దొంగలు అపహరించిన ధనమును రాజు ప్రజలకు ఇప్పింపవలెననియు ఆ స్మృతియే శాసించినది. తెలుగుదేశములో తరువాతి కాలమున నడచిన కావలి పద్ధతి కూడ ఇట్టిదే. కావలికానికి పంటలో మేర ముట్టుచుండెను, కొన్నియెడల మాన్యము ఉండెను. అందులకు బదులుగా ఇల్లు కన్నము పడినచో వాడు దొంగను పట్టవలెను, లేదా సొమ్ము కట్టవలెను. అనగా, కాచువాడు జవాబు చెప్పవలసినది సొమ్ము పోగొట్టుకొన్నవానికే.

ఆ కాలమును స్వర్ణయుగమని నేను చెప్పబోను. కావలికాండ్రలో కొందరు దొంగలతో పాలుపంచుకొనిరి. పాలెగాండ్రు కొందరు కావలి రుసుమను పేర ఊళ్లను దోచిరి. కావలి ఇయ్యని ఊరికి వారే దొంగలను పంపిన సందర్భములు కలవు. అయినను ఒక సూత్రము మాత్రము ఆ పద్ధతిలో బ్రతికియుండెను. కావలికి పెట్టిన కూడు ఊరిది, కావలికి లెక్క అడుగు హక్కును ఊరిదే.

ఈ సూత్రము మొదట తెగిపోయినది కుంపిణీవారి యేలుబడిలో. చెన్నరాజధానిలో 1816వ సంవత్సరపు రెగ్యులేషను ప్రకారము పోలీసు అధికారము కలెక్టరునకును, అతని క్రింద తహసీలుదారునకును, గ్రామాధికారికిని చేరెను. పన్ను వసూలు చేయుచేయియు, దొంగను పట్టుచేయియు ఒక్కటే యయ్యెను. తహసీలుదారు పైవారికి లెక్క చెప్పవలసినది ముఖ్యముగా శిస్తును గూర్చి. కాగా, శిస్తు కట్టలేని రైతును దొంగను శిక్షించినట్లు శిక్షించుటకు బంట్రోతులు వెనుదీయలేదు. ఎండలో నిలుచుండబెట్టుట, మెడవంచి కాలి బొటనవ్రేలికి కట్టివేయుట, కిట్టి యను కొయ్య పనిముట్టుతో వ్రేళ్లను నొక్కుట సాధారణములయ్యెను. ఈ సంగతి 1854లో ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు రాగా, ఎలియట్, స్టోక్సు, నార్టను అను ముగ్గురితో ఒక విచారణసంఘము ఏర్పడెను. వారికి కొలది నెలలలో దాదాపు రెండువేల ఫిర్యాదులు అందెను. రైతులు వందల మైళ్లు నడచి వచ్చి తమ గోడు చెప్పుకొనిరి. చిత్రహింస నిజమేనని ఆ సంఘము 1855లో తీర్మానించెను. పోలీసు పనిని శిస్తు పనినుండి వేరుచేయవలెనని సూచించెను. దాని ఫలితముగా చెన్నరాజధానికి 1859లోను, బ్రిటిషు ఇండియాకు 1861లోను పోలీసు చట్టములు పుట్టెను.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయములు రెండు కలవు. మొదటిది: శిస్తునుండి పోలీసును విడదీసిరి గాని, దానిని ఊరికి అప్పగింపలేదు. 1829లో లండను నగరమునకు రాబర్టు పీలు ఏర్పరచిన పోలీసు, పౌరుల సమ్మతిపై ఆధారపడునట్టిది. మనకు తెచ్చినది ఆ నమూనా కాదు. ఐర్లండులో జనులను అణచియుంచుటకు ఏర్పరచిన సాయుధదళపు నమూనా. దానికి జవాబుదారీ పైకే గాని క్రిందికి లేదు. రెండవది మిక్కిలి విచిత్రమైనది. పోలీసు ఎదుట ముద్దాయి ఒప్పుకొనిన మాట న్యాయస్థానములో చెల్లదని ఆ ప్రభుత్వమే 1861లో చట్టము చేసినది. 1872 నాటి సాక్ష్యచట్టము దానిని నిలిపినది. 2024 జులై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము కూడ దానినే నిలుపుకొన్నది. తానే నియమించి, జీతమిచ్చి, తుపాకి చేతికిచ్చిన యుద్యోగి మాటను చట్టము నూటఅరువది సంవత్సరములకు పైగా నమ్ముటలేదు. ఆ నమ్మకములోని వెలితిని పూరించుటకు చట్టము మఱియొకరి మాటను కోరినది. ఆ మఱియొకరు ఎవరో ముందు చెప్పెదను.

ఇక మన నైజాము సంగతి. మొదటి సాలార్జంగు దివానుగా నుండి 1865 ప్రాంతమున జిల్లాబందీ చేసినప్పుడు పోలీసుశాఖ కూడ క్రమపడెను. జిల్లాకు మొహతమీము, ఠాణాకు అమీను, వాని క్రింద జమేదారు, జవానులు. ఊరిలో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ. కాగితముమీద చూచినచో ఏర్పాటు చక్కగానే యున్నది. కాని ఠాణాకు చెవియు నోరును పోలీసు పటేలే. ఎవని ఫిర్యాదు ఊరు దాటవలెను, ఎవనిది దాటరాదు అనునది వాని దయమీద నుండెను. ఆ పటేలే పలుచోట్ల ఊరి భూస్వామి, లేదా భూస్వామికి చుట్టము. అమీను ఊరికి వచ్చెనన్న, దొంగ భయపడుటకు ముందే ఊరు భయపడుచుండెను. గుర్రమునకు గడ్డి ఒకరు, కట్టెలు ఒకరు, కోళ్లు ఒకరు, కుండలు ఒకరు తేవలెను. సామానులు మోయుటకు మాదిగ, మాల వాడలనుండి మనుష్యులను పిలిపించెదరు. కూలి అడుగుట నేరము. దీనినే వెట్టి యనిరి. వెట్టిని నిషేధించుచు ఫర్మానులు వెలువడినను ఊళ్లలో అవి పారలేదు. వెట్టిని తుదముట్టించుట 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమునకు ముఖ్యమైన పనులలో నొకటి. 1930లో మనకు సమీపముననున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమ ఆంధ్రమహాసభ జరిగినది. 1937లో మన నిజామాబాదులోనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆరవ మహాసభ జరిగినది. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు చేత సభ జరుపుటకే ముందుగా అనుమతి పొందవలసిన రోజులవి.

ఆ కాలములోనే మా తాతకు కాడి యెడ్లు పోయెను. ఎడ్లు లేనిదే దుక్కి లేదు, దుక్కి లేనిదే ఇల్లు లేదు. అయినను ఆయన ఠాణాకు పోలేదు. దొంగలకును రైతులకును నడుమ రాయబారము నడపు మనుష్యుడొకడు పొరుగూరిలో నుండెనట. ఆయన వానికి కొంత సొమ్ము ముట్టజెప్పి తన యెడ్లను తానే కొని తెచ్చుకొనెను. ఎందుకట్లు చేసితివని నేను చిన్నతనములో అడిగితిని. “దొంగకిస్తే ఎడ్లన్న వచ్చె బిడ్డా. ఠాణాకిస్తే ఏమొస్తుండె?” అనెను. దొంగకంటె ఠాణా ఖరీదైనదని ఒక నిరక్షరాస్యుడైన రైతు లెక్కకట్టెను. ఏ ప్రభుత్వమునకైనను ఇంతకు మించిన అవమానము లేదు.

ఆ రోజులలో మంచి అధికారులు లేకపోలేదు. 1869లో వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించిన రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు చిన్నవయస్సుననే పోలీసుశాఖలో అమీనుగా చేరి, క్రమముగా పైకి వచ్చి, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా నుండిరి. ప్రభువునకును ప్రజలకును ఏకకాలమున విశ్వాసపాత్రులగుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఆయన దానిని సాధించిరి. 1918లో నెలకొనిన రెడ్డి వసతిగృహమునకు ఆయన ప్రాణము పోసిరి. ఆయన జీవితచరిత్రమును ప్రతాపరెడ్డిగారే వ్రాసిరి. అధికారవర్గమును నిర్భయముగా విమర్శించిన గోలకొండ పత్రికా సంపాదకుడు ఒక కొత్వాలు చరిత్ర వ్రాయుట సామాన్య విషయము కాదు. అయినను ఒక మాట. ఆ విశ్వాసము మనిషిని ఆశ్రయించినది, పదవిని ఆశ్రయింపలేదు. మనిషి పోగా విశ్వాసమును అతనితోనే పోవును. మంచి అమీను వచ్చిన ఊరి అదృష్టము, చెడ్డవాడు వచ్చిన ఊరి కర్మము అనుకొనుట గాలివానను గూర్చి మాటలాడినట్లుండునే గాని ప్రభుత్వమును గూర్చి మాటలాడినట్లుండదు.

1948 సెప్టెంబరులో నైజాము పాలన అంతరించెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. పట్టుబడినవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు, ఎవనిని తనకు విరుద్ధముగా తానే సాక్ష్యము చెప్పుమని బలవంతపెట్టరాదనియు ఆ రాజ్యాంగము చెప్పినది. 1984లో పటేలు పట్వారీ పదవులును తొలగిపోయెను. కాని ఠాణాలోని అలవాట్లు ఒక్కనాటిలో పోవునవి కావు. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక నిరుపేద స్త్రీపై అత్యాచారము జరిగినదనియు, ఆమె భర్తయగు రిక్షా కార్మికుడు పోలీసుల దెబ్బలకు మరణించెననియు నగరమంతయు అట్టుడికిపోయెను. ప్రభుత్వము నియమించిన జస్టిస్ ముక్తదర్ విచారణసంఘము పోలీసులదే దోషమని తేల్చెను. కాని తరువాత రాయచూరు న్యాయస్థానములో నడచిన కేసులో వారు నిర్దోషులుగా విడుదలైరి. సంఘము నమ్మిన సత్యము న్యాయస్థానములో నిలువలేదు. ఇట్టి కేసులు దేశమున లేపిన కలవరము వలన 1983లో చట్టము సవరింపబడి, నిర్బంధములో జరుగు అత్యాచారము ప్రత్యేకనేరమయ్యెను.

ఇది పాతకథ యని తోసివేయవలదు. 2023 ఫిబ్రవరిలో మనకు దగ్గరనే మెదకులో, గొలుసు దొంగతనపు అనుమానముతో ఠాణాకు తీసుకొనిపోబడి విడువబడిన ఒక కూలివాడు, పిమ్మట హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రాణము విడిచెను. పోలీసులు కొట్టిరని అతని కుటుంబము వాపోయెను. హైకోర్టు ఆ విషయమును తనంత తానే విచారణకు గైకొనెను. 2025 ఏప్రిలు 14న అంబేద్కరు జయంతినాడు లింగంపేటలోనే ఒక దళిత నాయకుని పోలీసులు పట్టుకొనిపోయిన తీరు అవమానకరముగా నుండెనని ఆరోపణలు వచ్చి, రాష్ట్రమంతట చర్చ జరిగెను. ఆ వివాదములో తీర్పు చెప్పుట నా పని కాదు. రాజ్యాంగము వ్రాసిన మహనీయుని జయంతినాడే, ఆ రాజ్యాంగము మన ఠాణా గడపవరకు వచ్చినదా లేదా యను ప్రశ్న పుట్టినదని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను.

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పితిని. ఇక నాది చెప్పెదను.

సుమారు నలువది యేండ్ల క్రిందట నేను మా ఊరి పంచాయతిలో సభ్యుడనుగా నుంటిని. ఒక రైతు బావికడ మోటారు తీగ పోయెను. అనుమానము ఒక జీతగానిపై పడెను. ఆ ఠాణా పేరును, అధికారి పేరును చెప్పను. ఒకనాడు నన్ను పిలిపించి, కుర్చీ వేసి, చాయ ఇప్పించి, ఒక కాగితము ముందుంచిరి. “పెద్దమనిషివి, ఒక సంతకము పెట్టుము” అనిరి. ఆ మర్యాదకు నేను ఉబ్బితిని. చదువక సంతకము చేసితిని. నా చేయి వణకలేదు.

కొన్ని నెలల పిమ్మట న్యాయస్థానమునుండి నాకు సమను వచ్చెను. అప్పుడు గాని ఆ కాగితము పంచనామా యని నాకు తెలియలేదు. ఆ జీతగాని గడ్డివాము క్రిందనుండి తీగచుట్టను నా సమక్షమున తీసిరని అందు వ్రాసియుండెను. నేను ఆ గడ్డివామును చూచినవాడను కాను. ముద్దాయి తరఫు వకీలు నన్ను ఒక్కటే ప్రశ్న అడిగెను. “అయ్యా, ఆ గడ్డివాము ఇంటికి ఏ దిక్కున నున్నది?” నేను తలవంచుకొని నిలుచుంటిని. కేసు కొట్టివేయబడెను. కాని అప్పటికి వాడు జైలులో నెలలు గడపియుండెను. ఇంటివారు పాడిబర్రెను అమ్ముకొనిరి. విడుదలైన తరువాత వాడు పెండ్లాము పిల్లలతో ఊరు విడిచి భివండీ పోయెను, మరల రాలేదు. పోవునాడు నా యింటి ముందునుండియే పోయెను. నన్ను తిట్టియున్నచో నాకు కొంత ఊరట కలిగియుండును. వాడు “పోయొస్త పటేలా” అని మాత్రము అనెను.

ఆ అధికారి అబద్ధము వ్రాసెను, నిజమే. కాని ఆ అబద్ధమునకు కాళ్లు ఇచ్చినది నా సంతకము. పోలీసు మాటను తాను నమ్మక, చట్టము మఱియొకరి మాటను కోరినదని ఇందాక చెప్పితిని గదా. ఆ మఱియొకరు మనమే. సోదా చేయునప్పుడు ఆ ప్రాంతపు గౌరవనీయులు ఇద్దరు సాక్షులుగా నుండవలెనని చట్టము చెప్పుచున్నది. అది అలంకారమునకు కాదు. పోలీసు ఊరికి జవాబు చెప్పవలసిన చోటు అదియే. ఆ చోట నేను నిద్రపోతిని.

అందువలన, గ్రామపెద్దలారా, నేటి చట్టములో మీరు తెలిసికొనవలసిన కొన్ని మాటలు చెప్పెదను. 1986లో పశ్చిమ బెంగాలు న్యాయసహాయ సంఘపు అధ్యక్షుడు డి.కె. బసు నిర్బంధమరణములను గూర్చి సుప్రీంకోర్టునకు ఒక ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరమునే అర్జీగా స్వీకరించి, 1996 డిసెంబరులో ఆ న్యాయస్థానము పదునొకండు నియమములు విధించెను. వానిలో ముఖ్యమైనవి ఇప్పుడు 2024 జులై నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో చేరియున్నవి. అరెస్టు చేయు పోలీసు తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు చేసిన తేదీ, వేళ వ్రాసిన పత్రము ఉండవలెను. దానిపై కుటుంబసభ్యుడు గాని, ఆ ప్రాంతపు గౌరవనీయుడు గాని సాక్షిగా సంతకము చేయవలెను. పట్టుబడినవాని సంతకమును ఉండవలెను. ఆ గౌరవనీయుడు మీరే కావచ్చును. అరెస్టు జరిగినది నిన్న రాత్రి, పత్రములో వ్రాసినది నేటి ఉదయము అయినచో, ఇరువదినాలుగు గంటల లెక్క తప్పినట్లే. మీ కన్ను అచ్చటనే నిలువవలెను.

ఫిర్యాదు సంగతి. నేరము జరిగినదని చెప్పినచో దానిని వ్రాసికొని, చెప్పినవానికి చదివి వినిపించి, సంతకము తీసికొని, ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. ఇది దయ కాదు, హక్కు. అరెస్టు చేయదగిన తీవ్రనేరమును తెలిపినచో కేసు వ్రాసి తీరవలెనని 2013లో సుప్రీంకోర్టు లలితాకుమారి కేసులో స్పష్టపరచినది. ఠాణాలో వ్రాసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. అచ్చటను పని కానిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. విచారణకు సాక్షులుగా పిలుచునప్పుడు స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటిన వృద్ధులను వారి యింటికడనే విచారింపవలెను గాని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. మీలో పలువురకు ఈ చివరి మాట ఉపయోగపడును. ఠాణాలన్నిటిలో కెమెరాలు అమర్పవలెనని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. కాని కెమెరా చూచునే గాని నోరు తెరచి చెప్పదు. చెప్పవలసినది మనిషియే.

మీలో ఎవరైన నన్ను ఇట్లు అడుగవచ్చును: “ఇన్ని చెప్పుచున్నావు, ఆ జవానుల కష్టము ఎరుగుదువా?” ఎరుగుదును. పండుగనాడు మనము ఇంటనుండగా అతడు బాటలో నిలుచుండును. రాత్రి రోడ్డుమీద రక్తపుమడుగులో పడినవానిని, మనము దూరమునుండి చూచుచుండగా, అతడు ఎత్తును. పెద్దలకు లొంగనివానిని ఆరునెలలకే బదిలీ చేయించెదరు. ఈ బాధను గమనించియే 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో ఏడు ఆదేశములు ఇచ్చినది. ఠాణాధికారికి రెండేండ్ల నిలుకడ ఉండవలెననుట వానిలో నొకటి. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునకును జిల్లాకును ప్రత్యేకాధికార సంస్థలు ఉండవలెననుట మఱియొకటి. ఈ రెండును ఒకే తీర్పులో నుండుట గమనింపుడు. న్యాయముగా నడచువానికి అండ, అన్యాయముగా నడచువానికి అదుపు. రెండింటిలో ఏ యొక్కటి లేకున్నను రెండవది నిలువదు.

మఱియు మన తప్పు కూడ కొంత కలదు. మన కుమారుడు తాగి బండి నడపి పట్టుబడినచో నాయకునిచేత ఫోను చేయించి విడిపించుకొందుము. పొరుగువాని కుమారుడు పట్టుబడినచో చట్టము చట్టమే యందుము. హద్దు తగాదాలో ప్రతివాదిని నాలుగు తగిలించుమని మనమే జవాను చెవిలో ఊదుదుము. మన పనికై అతనిచేత చట్టము దాటించి, ఇతరుల పనికై దాటినప్పుడు ఏడ్చినచో ఎవరు వినెదరు? సిఫారసు నడచిన ఠాణాలో సిఫారసు లేనివానికి దిక్కు లేదు. అట్టివారే ఊరిలో ఎక్కువ.

నాకు మంచి అనుభవమును ఒకటి కలదు. కొన్నేండ్ల క్రిందట నేను ఒక వితంతువును వెంటబెట్టుకొని మఱియొక ఠాణాకు పోతిని. ఆమె మరది ఆమె చేనును దున్నుకొని, అడుగబోగా కొట్టెను. అచ్చటి హెడ్డుకానిస్టేబులు ఆమెను కూర్చుండబెట్టి, చెప్పినదంతయు వ్రాసి, మెల్లగా చదివి వినిపించెను. ఒకచోట ఆమె “నేను అట్ల చెప్పలే సారూ” అనెను. అతడు విసుగుకొనక కొట్టివేసి మరల వ్రాసెను. కేసు ఏమైనదను సంగతి అటుంచుడు. ఆ వాక్యము దిద్దిన క్షణముననే ఆమె ముఖమున భయము సడలెను. విశ్వాసము పుట్టుటకు పెద్దపెద్ద పథకములు అక్కరలేదు. పేదరాలు కాదనగా వ్రాతను దిద్దుకొను చేయి ఒక్కటి చాలును.

నా విన్నపము ఇది. చదువక సంతకము చేయకుడు. చూడనిదానికి సాక్షి కాకుడు. తెల్లకాగితముపై వ్రేలు పెట్టకుడు. ఊరిలో ఎవనిని పట్టుకొనిపోయినను, వాడు ఏ కులమువాడైనను, ఏ పార్టీవాడైనను, ఇద్దరు పెద్దలు వెంట పోయి, ఎందుకు పట్టిరి, ఎప్పుడు పట్టిరి అని మర్యాదగా అడుగుడు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి అధికారి కోపగింపడు. కోపగించువాడు ఎట్టివాడో మీకే తెలియును. మంచి పని చేసిన జవానును గూర్చి పైయధికారికి ఒక కార్డుముక్క వ్రాయుడు. చెడు చేసినవానిని గూర్చియు అట్లే, మీ పేరుతోనే వ్రాయుడు.

నాగన్న బావికడ నాతో కూర్చున్న ముదుసలి ఆనాడు నవ్వు ముగిసిన తరువాత లేచి, తువాలు దులుపుకొని, “నడువు బిడ్డా, నేనొస్త ఠాణాకు” అని ఆ పడుచువానితో అనెను. నేనును వారి వెంట పోతిని. ఫిర్యాదు వ్రాసికొనిరి, ప్రతి ఇచ్చిరి. బండి ఇంకను దొరకలేదు. కాని ఆ పడుచువాడు ఆ ప్రతిని నాలుగు మడతలు పెట్టి, అంగీ జేబులో భద్రపరచుకొని, మరునాడు కూలికి పోయెను.